తాడు కోయకముందు, కోశాక: లీడ్‌లెస్ పేస్‌మేకర్ పనితీరుపై నా అనుభవం

లీడ్‌లెస్ పేస్‌మేకర్, అంటే తీగ లేకుండా గుండె లోపలే కూర్చునే పేస్‌మేకర్, పెట్టించుకున్నవాళ్లు చెకప్‌కి రాగానే అడిగేది బ్యాటరీ గురించే. "ఎన్నేళ్లు వస్తుందండీ?" బ్రోషర్లో పన్నెండేళ్లని ఉంటుంది. అది అబద్ధం కాదు, అలాగని అందరికీ చెల్లే మాటా కాదు. ఒకే మోడల్‌ని ఒకే వారంలో ఇద్దరికి పెట్టినా ప్రోగ్రామర్ (పరికరాన్ని బయటి నుంచి చదివి సెట్టింగులు మార్చే యంత్రం) తెర మీద ఇద్దరి ఏళ్లూ ఒక్కలా కనపడవు. ఒకరికి పన్నెండు దాటుతుంది, ఇంకొకరికి అందులో సగం దగ్గరే ఆగుతుంది. వస్తువు ఒకటే కాబట్టి తేడా వస్తువులో లేదు. అది కండరాన్ని ఎక్కడ పట్టుకుంది, ఎంత వోల్టేజీకి పెట్టాం, రోజుకి ఎన్ని కొట్టుకోళ్లు దాని మీద పడుతున్నాయి, ఆ మనిషి రక్తంలో పొటాషియం ఎంతుంది అన్నవాటిలో ఉంది. వీటిలో మొదటిది క్యాథ్ ల్యాబ్ టేబుల్ మీద, పరికరాన్ని క్యాథెటర్‌కి కట్టి ఉంచే తాడు కోసేలోపు తేలిపోతుంది. మిగతావన్నీ ఆ తర్వాత క్లినిక్‌లో చూసుకోవాల్సినవి. క్యాథ్ ల్యాబ్‌లోనూ డివైస్ క్లినిక్‌లోనూ మేము ఏం చూస్తామో, ఎందుకు చూస్తామో అదే వరసలో రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. మామూలు పేస్‌మేకర్ అంటే భుజం కింద చర్మం లోపల ఒక డబ్బా, అక్కడి నుంచి సిర గుండా గుండెలోకి వెళ్లే తీగ. ఆ డబ్బా పెట్టిన జేబు దగ్గర ఇన్ఫెక్షన్, తీగ విరగడం, తీగ జరగడం అనేవి దాని పాత జబ్బులు. డబ్బానీ తీగనీ తీసేసి మొత్తం యంత్రాన్ని గుండె లోపలే పెట్టేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1970లోనే స్పిక్లర్ బృందం కుక్కల్లో చేసి చూపించింది. అప్పటికి సరిపడా చిన్న బ్యాటరీ లేదు. మనుషుల్లో మొదటిసారి 2012 డిసెంబరులో నానోస్టిమ్ అనే లీడ్‌లెస్ పేస్‌మేకర్ పెట్టారు. మెడ్‌ట్రానిక్ వారి మైక్రాకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2016 ఏప్రిల్‌లో వచ్చింది. అబాట్ వారి అవేర్ 2022లోనూ, దాని రెండు గదుల రకం 2023లోనూ వచ్చాయి.

మైక్రా పొడవు 25.9 మిల్లీమీటర్లు, మందం 6.7 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 0.8 ఘన సెంటీమీటర్లు, బరువు రెండు గ్రాముల లోపు. చివర నిటినాల్ లోహంతో చేసిన నాలుగు కొక్కేలుంటాయి. అవి చాచిపెట్టి ఉండి, బయటికి రాగానే వెనక్కి వంగి కండరాన్ని పట్టుకుంటాయి. అవేర్ ఇంకొంచెం పొడుగు, 38 మిల్లీమీటర్లు. దాని చివర కొక్కేలకు బదులు మరలాంటి చుట్ట ఉంటుంది, దాన్ని తిప్పి కండరంలోకి దించుతాం. ఈ ఒక్క తేడా వల్ల టేబుల్ మీద పని తీరే మారిపోతుంది.

టేబుల్ మీద

దారి గజ్జ దగ్గరి తొడ సిర. మైక్రాని లోపలికి పంపే గొట్టం, అంటే షీత్, లోపలి కొలత 23 ఫ్రెంచ్, బయటి కొలత 27. అంటే సుమారు 9 మిల్లీమీటర్ల గొట్టం. సూది గుచ్చేటప్పుడు అల్ట్రాసౌండ్ పెట్టుకునే గుచ్చాలి. పక్కనే ఉన్న ధమనికి సూది తగిలిన చోట ఇంత లావు గొట్టం వెళ్తే వచ్చేది చిన్న గాయం కాదు. డయలేటర్లతో మెల్లగా పెంచుకుంటూ, గట్టి వైరు మీద షీత్‌ని కుడి కర్ణిక మధ్య దాకా తీసుకెళ్లాలి. షీత్‌లోనూ, పరికరాన్ని మోసుకెళ్లే క్యాథెటర్‌లోనూ రక్తం గడ్డకట్టనివ్వని హిపారిన్ కలిపిన సెలైన్ ఆగకుండా పారుతూనే ఉండాలి. పరికరం కూర్చున్న గిన్నెలో రక్తం గడ్డకడితే ఆ గడ్డ కొనకీ కండరానికీ మధ్య చిక్కుకుంటుంది. థ్రెషోల్డ్ (కండరాన్ని లేపడానికి కావాల్సిన కనీస వోల్టేజీ) ఎందుకు దిగడం లేదో తెలియక చోట్లు మార్చుకుంటూ పోతుంటాం, అసలు అడ్డు గిన్నెలోనే ఉంటుంది. రెండు మూడుసార్లు విప్పి పెట్టాల్సి వచ్చినప్పుడు పరికరాన్ని బయటికి తీసి, కొన తుడిచి, కడిగి మళ్లీ ఎక్కించడం ఓపికతో కూడిన పనే అయినా అది దండగ కాదు.

ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. కుడి జఠరిక అనగానే కొనవైపు చూపు పోతుంది, పాత తీగలన్నీ అక్కడే పెట్టేవాళ్లు కాబట్టి. లీడ్‌లెస్‌కి అది తప్పు చోటు. కొన దగ్గరా, బయటి గోడ దగ్గరా కండరం పలచగా ఉంటుంది. క్యాథెటర్‌తో గట్టిగా నొక్కి కొక్కేలు విప్పితే గోడ చిల్లు పడొచ్చు. రెండు జఠరికల మధ్య గోడ, అంటే సెప్టం, మందంగా ఉంటుంది. చోటు అదే. కుడి వాలు, ఎడమ వాలు రెండు కోణాల్లోనూ కాంట్రాస్ట్ (ఎక్స్-రేలో కనపడే ద్రవం) కొంచెం వదిలి చూడాలి. ఎడమ వాలు కోణంలో క్యాథెటర్ కొన వెన్నెముక వైపు తిరిగి ఉందంటే సెప్టం మీద ఉన్నట్టు లెక్క. కుడి వాలు కోణంలో మాత్రమే చూసి సెప్టం అనుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా చేసే పొరపాటు. ముందు గోడ కూడా ఆ కోణంలో సెప్టంలాగే కనపడుతుంది.

చిల్లు పడే ప్రమాదం ఎవరిలో ఎక్కువో చేతిలో కేసు షీట్ ఉండగానే తెలిసిపోతుంది. బాగా వయసు మళ్లినవాళ్లు, బక్కపలచగా ఉన్నవాళ్లు, ఆడవాళ్లు, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు. నలభై కిలోల ముసలమ్మ గుండెని అరవయ్యేళ్ల రైతు గుండెలా నొక్కకూడదు. 2016లో అచ్చయిన మైక్రా పరీక్షలో 725 మందికి ప్రయత్నిస్తే 719 మందికి విజయవంతంగా పెట్టగలిగారు. పరికరం ఊడి జరిగిపోయిన కేసు ఒక్కటీ లేదు. కానీ చిల్లు పడడం, గుండె చుట్టూ నీరు చేరడం 1.6 శాతం మందిలో జరిగింది. మొత్తం ప్రమాదాలు తీగ పేస్‌మేకర్ల కంటే తక్కువే. అయితే ఈ ఒక్క ప్రమాదం జరిగితే మాత్రం తీవ్రంగా ఉంటుందని ఎఫ్‌డీఏ 2021 నవంబరులో డాక్టర్లకు ప్రత్యేకంగా లేఖ రాసింది. అందుకే ఎకో మిషన్, గుండె చుట్టూ నీరు తీసే సామాను గదిలోనే ఉండాలి, పక్క గదిలో కాదు.

కొక్కేలు విప్పాక తాడు పట్టుకుని మెల్లగా లాగి అలా ఉంచుతాం. సినిని (ఎక్స్-రే వీడియోని) పెద్దది చేసి చూస్తే, కండరంలో దిగిన కొక్కెం లాగినప్పుడు కొంచెం తెరుచుకుంటుంది. దిగనిది కదలకుండా అలాగే ఉంటుంది. నాలుగులో కనీసం రెండు తెరుచుకోవాలి. ఈ సినిని ఒక్క కోణంలో చూసి తృప్తిపడకూడదు. ఒక కొక్కెం వెనక ఇంకొకటి దాక్కుంటుంది. సెకనుకి ఫ్రేముల సంఖ్య పెంచుకుని, లాగుతున్న ఆ రెండు మూడు సెకన్లనే మళ్లీ మళ్లీ నెమ్మదిగా తిప్పి చూడాలి.

తర్వాత కరెంటు పరీక్షలు. థ్రెషోల్డ్ 0.24 మిల్లీసెకను పల్స్ వెడల్పు దగ్గర 1 వోల్ట్ లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఆర్ వేవ్ (పరికరానికి అందే గుండె సొంత కొట్టుకోలు సంకేతం) 5 మిల్లీవోల్ట్‌లకు పైన, ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) 400 నుంచి 1500 ఓమ్‌ల మధ్య ఉండాలి. మూడూ సరిపోతే సంతోషం. థ్రెషోల్డ్ 1.2 దగ్గర ఆగినప్పుడే అసలు తర్కం మొదలవుతుంది. వెంటనే లాగేయాలా, ఆగాలా? కొక్కేలు గుచ్చిన క్షణంలో కండరానికి గాయం అవుతుంది, కాస్త వాస్తుంది. పది నిమిషాలు ఆగితే అంకె దిగడం చాలాసార్లు చూస్తాం. 1కీ 1.5కీ మధ్య మొదలైనవి తర్వాతి నెలల్లో చాలావరకు దిగుతాయి. 2 దాటినవి అలా దిగడం తక్కువ. కాబట్టి 1.3 దగ్గర నేను ఇంపీడెన్స్ వైపు చూస్తాను. అది బాగా ఉండి, గాయపు గుర్తు ఎలక్ట్రోగ్రామ్‌లో (పరికరం కొన దగ్గర నమోదయ్యే విద్యుత్ గీతలో) స్పష్టంగా కనపడుతుంటే ఆగడమే మేలు. ఇంపీడెన్స్ తక్కువగా, ఆర్ వేవ్ చిన్నగా, థ్రెషోల్డ్ ఎక్కువగా, మూడూ ఒకేసారి చెడుగా ఉంటే కొన కండరానికి సరిగ్గా ఆనలేదని అర్థం. అప్పుడు ఎంతసేపు ఆగినా లాభం లేదు, చోటు మార్చాల్సిందే.

చోటు మార్చడానికీ హద్దుంది. విప్పి పెట్టిన ప్రతిసారీ గోడకి కొత్త గాయం, కొనకి కొత్త గడ్డ. 1.1 దగ్గర ఉన్నదాన్ని 0.6 కోసం ఐదోసారి విప్పడం కన్నా 1.1నే ఒప్పుకోవడం తెలివైన పని. మా గదిలో దీనిమీదే ఎక్కువ వాదన నడుస్తుంది. ప్రతి ఒక్కరికీ ఒక అంకె మీద మోజు ఉంటుంది.

అవేర్‌లో ఈ తలనొప్పి కొంత తక్కువ. మరని తిప్పకముందే కొనని గోడకి ఆనించి థ్రెషోల్డ్, ఆర్ వేవ్ చూడొచ్చు. నచ్చకపోతే గోడని గాయపరచకుండానే పక్కకి జరగొచ్చు. నచ్చాక సుమారు ఒక చుట్టు పైచిలుకు తిప్పి దించుతాం. తక్కువ తిప్పితే వదులు, ఎక్కువ తిప్పితే కండరం నలిగి థ్రెషోల్డ్ పెరుగుతుంది. పరికరం ఒంటి మీది గుర్తు ఎంత తిరిగిందో సినిలో లెక్కపెట్టాలి, చేతి పిడి ఎంత తిరిగిందో కాదు. క్యాథెటర్ మెలికపడి ఉంటే పిడి తిరుగుతుంది, కొన తిరగదు. తర్వాత ఒక్కసారిగా ఆ మెలిక విడిపోయి అవసరానికి మించి తిరుగుతుంది.

ఇక తాడు కోయడం. ఒక కొస కోసి రెండో కొసని లాగాలి. నిదానంగా, ఫ్లోరో (నడుస్తున్న ఎక్స్-రే) చూస్తూ లాగాలి. ఎక్కడైనా బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆగాలి. తాడు గడ్డలో చిక్కినా, మెలికపడినా లాగిన బలమంతా పరికరం మీదే పడి అంతవరకు చేసిన పని పాడవుతుంది. తాడు లాగకముందు దాని రెండు కొసలూ స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చూడడం, గొట్టాన్ని ఒకసారి బాగా ఫ్లష్ చేయడం అలవాటుగా ఉండాలి. తాడు వచ్చేశాక ఇంకోసారి థ్రెషోల్డ్ చూసి రాసుకుంటాం. పోల్చడానికి పునాది ఆ అంకే.

ఒక్క వోల్ట్ ఖరీదు

పేస్‌మేకర్ ఒక్కో కొట్టుకోలుకీ ఖర్చుపెట్టే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 600 ఓమ్‌ల దగ్గర 1.5 వోల్ట్‌లు, 0.24 మిల్లీసెకను పెడితే ఒక్కో దెబ్బకి 0.9 మైక్రోజౌల్ అవుతుంది. అదే 2.5 వోల్ట్‌లు పెడితే 2.5 మైక్రోజౌల్. వోల్టేజీ రెట్టింపు కూడా కాలేదు, ఖర్చు మూడింతలకు దగ్గరగా వచ్చింది. దాన్నే 0.4 మిల్లీసెకనుకి పెంచితే 4 మైక్రోజౌల్ దాటుతుంది. నిమిషానికి 60 చొప్పున కొడితే రోజుకి 86,400, ఏడాదికి మూడు కోట్ల పదిహేను లక్షల దెబ్బలు. మామూలు పేస్‌మేకర్ డబ్బా 10 ఘన సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తేడాని బ్యాటరీ భరిస్తుంది. 0.8 ఘన సెంటీమీటర్ల గొట్టంలో ఇమిడిన బ్యాటరీకి అంత దయ ఉండదు. పన్నెండేళ్లు, ఆరేళ్లు అన్న తేడా పుట్టేది ఇక్కడే.

రిపోర్టు చదివేటప్పుడు జరిగే ఒక పొరపాటు: మైక్రా థ్రెషోల్డ్‌ని 0.24 మిల్లీసెకను దగ్గర కొలుస్తారు, అవేర్‌ది, చాలా తీగ పేస్‌మేకర్లది 0.4 దగ్గర. పల్స్ వెడల్పు తగ్గేకొద్దీ కండరాన్ని లేపడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి. కాబట్టి 0.24 దగ్గర 1 వోల్ట్, 0.4 దగ్గర 1 వోల్ట్ ఒకటి కావు. వేరే ఊళ్లో చేయించుకున్న రిపోర్టు తెచ్చి "అక్కడ 0.75 ఉండేది, ఇక్కడ 1 అయింది, పాడైందా?" అంటే మొదట చూడాల్సింది పక్కనున్న చిన్న అంకె.

మైక్రాలో థ్రెషోల్డ్‌ని అదే రోజూ కొలుచుకుని, దానిపైన కొంచెం భద్రత కలిపి ఔట్‌పుట్ పెట్టుకునే ఏర్పాటు ఉంది. దాన్ని వదిలేసి భయంకొద్దీ 3 వోల్ట్‌లకు బిగించి పంపేయడం బ్యాటరీని తినేయడమే. కానీ పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడ్డ మనిషికి, పెట్టిన కొత్తలో, థ్రెషోల్డ్ ఇంకా స్థిరపడని వారాల్లో, ఔట్‌పుట్ ఎక్కువ ఉంచడం దుబారా కాదు. ఆ ఎక్కువని తర్వాతి విజిట్‌లో తగ్గించడం మర్చిపోవడమే దుబారా.

మర్నాడు, మొదటి నెల

భుజానికి ఏ గాయం లేదు కాబట్టి చేయి ఎత్తకూడదన్న పాత జాగ్రత్త దీనికి లేదు. ఆ జాగ్రత్త తీగ జరిగిపోతుందని పెట్టింది. ఇక్కడ జాగ్రత్త అంతా గజ్జకే. ఎనిమిది ఆకారపు కుట్టు వేసి, చేత్తో నొక్కి, నాలుగు నుంచి ఆరు గంటలు కాలు మడవకుండా పడుకోబెడతాం. ఇంటికెళ్లాక మొదటి వారం కింద కూర్చునే దొడ్డి వాడకూడదు, బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోకూడదు, నీళ్ల బిందె ఎత్తకూడదు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. గజ్జలో గట్టిగా ముద్దలా తగిలినా, నొప్పి రోజురోజుకీ పెరిగినా, కాలు చల్లబడినా, తిమ్మిరెక్కినా రావాలి. నీలంగా కమిలి మెల్లగా పసుపు రంగుకి మారుతుంటే కంగారు లేదు.

మర్నాడు పొద్దున ఒక ఛాతీ ఎక్స్-రే, ఒక పరీక్ష. ఎక్స్-రేలో పరికరం నిన్న ఉన్న చోటే ఉందా అని చూస్తాం. పరీక్షలో మూడు అంకెల్నీ కలిపి చూస్తాం. థ్రెషోల్డ్ ఒక్కటే కొంచెం పెరిగి, ఆర్ వేవ్, ఇంపీడెన్స్ ఉన్నట్టే ఉంటే అది వాపు. కొన దగ్గర ఉన్న స్టెరాయిడ్ ముక్క ఆ వాపుని అదుపులో ఉంచుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలుకి వస్తుంది. థ్రెషోల్డ్ ఎగసి, ఆర్ వేవ్ పడిపోయి, ఇంపీడెన్స్ కూడా మారితే పరికరం కదిలిందేమోనని అనుమానించాలి. ఊడితే అది రక్తంతో పాటు ఊపిరితిత్తుల ధమని వైపు పోతుంది. అరుదైనదే, కానీ వెనక్కి తేవడానికి స్నేర్ (ఉచ్చులాంటి తీగ) ఉంది, దాన్ని పట్టుకోవడానికి పరికరం వెనక కొసన పిడి కూడా ఉంది. తొలి రోజుల్లో తేలిక. నెలలు గడిస్తే చుట్టూ పొర అల్లుకుపోతుంది.

ఆ పొర వల్ల లాభమూ ఉంది. రక్తంలో సూక్ష్మజీవులు తిరిగినా పరికరానికి అంటుకునే చోటు తగ్గిపోతుంది. లీడ్‌లెస్‌లో ఇన్ఫెక్షన్ తక్కువగా ఉండడానికి జేబు లేకపోవడంతో పాటు ఇదీ ఒక కారణం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి ఇది పెట్టడంలో అర్థం అదే. ఉద్దానం వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగుల్ని చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపిన చోటు) ఉన్న చేతి వైపు సిరలో పేస్‌మేకర్ తీగ పెడితే ఆ సిర ఇరుకైపోయి, డయాలసిస్ దారే మూసుకుపోవచ్చు. గజ్జ నుంచి వెళ్తే రెండు చేతుల సిరలూ మిగులుతాయి.

కానీ ఆ రోగులకే థ్రెషోల్డ్ విషయంలో ఎక్కువ కన్ను వేసి ఉంచాలి. పొటాషియం పెరిగితే కండరం కరెంటుకి తేలిగ్గా లేవదు. థ్రెషోల్డ్ పెరుగుతుంది, ఈసీజీలో పేస్ అయిన దెబ్బ వెడల్పు అవుతుంది. డయాలసిస్ రెండు సెషన్ల మధ్య ఎక్కువ విరామం వచ్చిన రోజున కొలిచిన అంకె చూసి పరికరం చెడిందనుకోకూడదు. డయాలసిస్ అయ్యాక మళ్లీ కొలవాలి. రక్తంలో ఆమ్లం పెరగడం, థైరాయిడ్ తగ్గడం, ఆక్సిజన్ పడిపోవడం, ఫ్లెకైనైడ్, ప్రొపఫెనోన్ లాంటి గుండె లయ మందులు కూడా ఇదే పని చేస్తాయి. కొత్త మందు మొదలుపెట్టిన చీటీ డివైస్ క్లినిక్‌కి తెచ్చేవాళ్లు తక్కువ. అడిగి తీసుకోవాలి.

కర్ణికతో తాళం కలవకపోతే

మామూలు లీడ్‌లెస్ కుడి జఠరికలో ఒక్కచోటే ఉంటుంది. శాశ్వతంగా కర్ణికల ఫిబ్రిలేషన్ ఉండి గుండె నెమ్మదించినవాళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. కర్ణికకి ఎలాగూ ఒక క్రమం లేదు, తాళం కలిపే పనే లేదు. కర్ణిక బాగా కొట్టుకుంటూ, కింద మాత్రమే అడ్డుపడిన మనిషికి ఇదే పరికరాన్ని వీవీఐ పద్ధతిలో (జఠరికని మాత్రమే విని, జఠరికనే కొట్టించే పద్ధతిలో) పెడితే తిప్పలు మొదలవుతాయి. మూసుకున్న కవాటం మీద కర్ణిక కొడుతుంది. మెడలో దబదబ కొట్టినట్టుంటుంది, నాలుగడుగులు వేస్తే నీరసం, పేస్ అయినప్పుడు బీపీ పడిపోతుంది. రిపోర్టులో అంకెలన్నీ బంగారంలా ఉంటాయి. పరికరం చెడలేదు, ఎంపిక తప్పింది.

దీనికి మైక్రా ఏవీ అనే రకం 2020లో వచ్చింది. దానికీ కర్ణికలో తీగ లేదు. అది జఠరికలోనే కూర్చుని లోపలి యాక్సిలరోమీటర్‌తో (కదలికని కొలిచే భాగంతో) గుండె కదలికల్ని వింటుంది. ఒక్కో కొట్టుకోలులో నాలుగు గుర్తులు దొరుకుతాయి. మొదటిది కర్ణికకీ జఠరికకీ మధ్య కవాటాలు మూసుకున్నప్పుడు, రెండోది బయటికెళ్లే కవాటాలు మూసుకున్నప్పుడు, మూడోది జఠరికలోకి రక్తం దానంతటదే దిగేటప్పుడు, నాలుగోది కర్ణిక పిండినప్పుడు. పరికరానికి కావాల్సింది ఆ నాలుగోది. దాన్ని పట్టుకుంటే కొద్ది వ్యవధి తర్వాత జఠరికని పేస్ చేస్తుంది. నిద్రలో, కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ లెక్క బాగానే కుదురుతుంది. గుండె వేగం 90, 100 దాటేసరికి మూడోదీ నాలుగోదీ ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి. మొదటి ఏవీలో కర్ణిక వెంట వెళ్లగల గరిష్ఠ వేగం 115, తర్వాతి ఏవీ2లో 135.

నాలుగో గుర్తు బలహీనంగా ఉండేవాళ్లని ముందే పసిగట్టొచ్చు. ఎకోలో కర్ణిక పిండే అల చిన్నగా ఉన్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు. అమర్చేటప్పుడు టేబుల్ మీద సెట్టింగులు తేల్చేయడం ఇక్కడ పెద్ద తప్పు. పడుకున్నప్పటి సంకేతం వేరు, లేచి కూర్చున్నప్పటిది వేరు. మర్నాడు కూర్చోబెట్టి, నడిపించి, చేతితో సరిచూస్తాం. మూడో గుర్తు కిటికీ (దాన్ని వెతికే వ్యవధి) ఎక్కడ ముగియాలి, మూడో గుర్తు హద్దు ఎంత, నాలుగో గుర్తు హద్దు ఎంత అన్న మూడింటినీ ఈసీజీ పక్కన పెట్టుకుని కదుపుతాం. కిటికీని మరీ తొందరగా ముగిస్తే మూడోదాన్నే కర్ణిక అనుకుని ముందే పేస్ చేస్తుంది. మరీ ఆలస్యంగా ముగిస్తే నాలుగోది అందులోకే పోయి కనపడకుండా పోతుంది. కర్ణిక నుంచి జఠరికకి గుండె సొంత విద్యుత్ ప్రసారం తిరిగొచ్చినప్పుడు పరికరం నెమ్మదిగా నిమిషానికి 40 దగ్గర కాపలా పద్ధతికి మారుతుంది. అందుకే హోల్టర్‌లో (ఒంటికి తగిలించుకుని ఎక్కువసేపు తీసే ఈసీజీలో) 40, 45 కనపడిందని పేస్‌మేకర్ ఆగిపోయిందనుకుని అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉంటారు.

రెండు గదుల అవేర్‌ది వేరే దారి. కర్ణికలో ఒకటి, జఠరికలో ఒకటి పెడితే ప్రతి కొట్టుకోలుకీ అవి రక్తం, కండరం గుండానే ఒకదానికొకటి చిన్న విద్యుత్ సంకేతం పంపుకుంటాయి. 2023లో అచ్చయిన 300 మంది పరీక్షలో 98.3 శాతం మందికి రెండూ పెట్టగలిగారు. మూడు నెలలకి 97.3 శాతం మందిలో కనీసం 70 శాతం కొట్టుకోళ్లు తాళం కలిశాయి. ఇక్కడ పనితీరు పరికరాల మధ్య దూరం, అవి తిరిగి ఉన్న దిశ, మనిషి పడుకున్న తీరు మీద ఆధారపడుతుంది. మాట వినపడకపోతే గొంతు పెంచినట్టు సంకేతం బలం పెంచొచ్చు. ఆ బలమూ బ్యాటరీ నుంచే వస్తుంది.

నడిచేటప్పుడు వేగం పెరగడం

మైక్రా కదలికని బట్టి వేగం పెంచుతుంది. యాక్సిలరోమీటర్‌కి మూడు దిశలున్నాయి. ఒక్కొక్కరి గుండెలో పరికరం ఒక్కో కోణంలో కూర్చుంటుంది కాబట్టి ఏ దిశ మంచిదో వరండాలో అయిదు నిమిషాలు నడిపించి చూసి ఎంచుకోవాలి. చూడకుండా వదిలేస్తే నడిచినా 60 దగ్గరే ఉండిపోతుంది, లేదా గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చుంటే చాలు పెరిగిపోతుంది. అవేర్ రక్తం వేడిని చూస్తుంది. జ్వరమొస్తే వేగం పెరుగుతుంది, మెట్లెక్కడం మొదలుపెట్టిన మొదటి నిమిషంలో కొంచెం వెనకబడుతుంది.

ఎకో మర్చిపోకూడదు

అంకెలన్నీ బాగున్నా గుండె నీరసించవచ్చు. కుడి జఠరిక వైపు నుంచి పేస్ చేస్తే కొట్టుకోలు సహజమైన దారిలో కాక పక్కదారిన వ్యాపిస్తుంది. పేసింగ్ వాటా 20 శాతం దాటినవాళ్లలో కొందరికి ఎడమ జఠరిక పంపే శక్తి తగ్గుతుంది. పెట్టకముందు ఎకో, తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఇంకొకటి, ఆయాసం వస్తే వెంటనే ఇంకొకటి చేయించాలి. పేస్ అయిన క్యూఆర్ఎస్ (ఈసీజీలో జఠరికల కొట్టుకోలు గీత) వెడల్పు ఎంతుందో కూడా రాసి పెట్టుకోవాలి. మూడు రేకుల కవాటం లీకు పెరగడమూ కొందరిలో కనపడుతుంది. పరికరం కవాటానికి మరీ దగ్గరగా సెప్టం మీద ఉంటే అది కవాటపు తాళ్లకి తగలవచ్చు. అవసరం లేని పేసింగ్ తగ్గించడానికి తక్కువ వేగం 50 దగ్గర పెట్టి చూడడం, నిద్రలో వేగం తగ్గనివ్వడం తేలికైన పనులు. అవి చేస్తే బ్యాటరీ కూడా మిగులుతుంది.

అయస్కాంతం పని చేయదు

సర్జన్లకి ఇది ముందుగానే చెప్పాలి. మామూలు పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెడితే అది బయటి సంకేతాలు వినడం మానేసి స్థిరమైన వేగంతో కొడుతుంది. మైక్రాలో అయస్కాంతాన్ని గుర్తించే భాగమే లేదు, చోటు ఆదా కోసం తీసేశారు. కరెంటుతో కోసే కాటరీ వాడే ఆపరేషన్ అంటే ముందే ప్రోగ్రామర్ తెచ్చి వీఓఓ పద్ధతికి (ఏమీ వినకుండా స్థిరంగా కొట్టే పద్ధతికి) మార్చాలి, అయ్యాక మళ్లీ పాత పద్ధతికి తేవాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఛాతీ మీద అయస్కాంతం అంటించి నిశ్చింతగా ఉన్నారంటే పేస్‌మేకర్ మీదే బతికే రోగికి ప్రమాదమే. ఇదే కారణంగా ఫోన్, హెడ్‌ఫోన్ అయస్కాంతాల గురించి మైక్రా వాళ్లు అంత భయపడక్కర్లేదు. ఎంఆర్‌ఐ 1.5, 3 టెస్లా రెండింట్లోనూ షరతులతో తీయొచ్చు. తీసే ముందు ప్రత్యేక పద్ధతికి మార్చి, తీశాక అంకెలు మళ్లీ చూడాలి. డీసీ షాక్ ఇచ్చినా అంతే.

బ్యాటరీ అయిపోయే వేళ

మొదటి తరం నానోస్టిమ్‌లో బ్యాటరీ లోపలి ఎలక్ట్రోలైట్ తగ్గిపోవడం వల్ల పరికరం ఉన్నట్టుండి ఆగిపోవచ్చని 2016 అక్టోబరులో బయటపడింది, అమర్చడం ఆపేశారు. అందుకే బ్యాటరీ గురించి పాత డాక్టర్ల జంకు ఉత్తదేమీ కాదు. ఇప్పటివాటిలో వోల్టేజీ మెల్లగా దిగుతుంది, ముందే హెచ్చరిక వస్తుంది. చివరి రెండేళ్లలో మేము విజిట్ల వ్యవధి తగ్గిస్తాం.

అయిపోయాక ఏం చేస్తారన్న ప్రశ్నకి జవాబు వయసుని బట్టి మారుతుంది. ఎనభై దాటినవారిలో మైక్రాని తీయడానికి పూనుకోవడం కన్నా దాని పక్కన రెండోది పెట్టడం తేలిక. చుట్టూ పెరిగిన పొరని చీల్చి లాగడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. కుడి జఠరికలో ఇంత చిన్న వస్తువులు రెండు మూడు ఇమిడే చోటుంది. యాభైలో పెట్టించుకునేవారి లెక్క వేరు. వారికి మూడుసార్లు మార్చాల్సి రావచ్చు, కాబట్టి తర్వాత వెనక్కి తీయడానికి వీలున్న మర రకం గురించి మొదటి రోజే మాట్లాడుకోవాలి. రెండోది పెట్టి దాని థ్రెషోల్డ్, ఆర్ వేవ్ ఖాయం చేసుకున్నాకే పాతదాన్ని ప్రోగ్రామర్‌తో ఆపు పద్ధతికి మార్చాలి. మార్చకపోతే రెండూ ఒకదాని దెబ్బని ఇంకొకటి గుండె సొంత కొట్టుకోలుగా లెక్కేసుకుంటాయి. డిశ్చార్జి కాగితంలో రెండింటి సీరియల్ నంబర్లూ, ఏది నడుస్తోందో ఏది ఆపేశామో రాయాలి. ఎక్స్-రేలో రెండు గొట్టాలు కనపడి ఏది పని చేస్తోందో తెలియక తర్వాత చూసే డాక్టరు తికమకపడేది ఆ ఒక్క వాక్యం లేనప్పుడే.